పన్నెండో అర

సునంద పోయిన నాలుగు నెలలకు ఆమె టేకు పెట్టె తాళం పగలగొట్టాను. నగలుంటాయనుకున్నాను. బొమ్మలున్నాయి. పోయిన వారం మీకు అంతవరకే చెప్పి ఊరుకున్నాను. మిగతాది చెప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడు చెబుతాను. పెట్టెకు పన్నెండు అరలు. పదకొండు అరల్లో దూది పరిచి ఉంది. దూది మీద ఒక్కొక్క ప్లాస్టిక్ బొమ్మ. మధ్యవేలంత పొడుగు. మెడ తిరుగుతుంది, చేతులు లేస్తాయి, కాళ్లు వంగుతాయి. అన్నీ ఒకే ఇంగ్లీషు సినిమాలోవి. చుక్కల్లో కాపురం ఉండే జాతి అట. నీలం ముఖం రాణి. మూడు కళ్ల వైద్యుడు. ఒళ్లంతా రేకులు తొడుక్కున్న సిపాయి. నా కొడుకు హన్మంతు డెబ్బై తొమ్మిదిలో సికింద్రాబాదులో ఆ సినిమా చూసి వచ్చాడు. ఆ రోజు నుంచి వాడికి ఈ బొమ్మలు జమచేసే పిచ్చి పట్టింది. బొమ్మ వచ్చిన అట్ట వెనక మొత్తం పన్నెండింటి ఫొటోలు ఉండేవి. దొరికినదాని పక్కన పెన్సిలుతో గీత పెట్టుకునేవాడు.

ఎనభై మార్చిలో కేసముద్రం దాటాక వాగు వంతెన దగ్గర రైలు కింద పడి పోయాడు. పంతొమ్మిదేళ్లు. అప్పటికి ఇంట్లో ఉన్నవి ఏడు బొమ్మలు. వాటిని పొయ్యిలో వెయ్యమని సునందకు చెప్పాను. వేశానంది. వెయ్యలేదు. పైగా ఏడు పదకొండు అయ్యాయి.

పన్నెండో అరలో బొమ్మ లేదు. దూది మీద చిటికెనవేలి కణుపంత తెల్లటి చెయ్యి ఒకటి ఉంది. భుజం దగ్గర విరిగిన చెయ్యి.

ఆ చెయ్యిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మరునాడు పొద్దున దుకాణం తెరవలేదు. మానుకోటలో నా ఎరువుల దుకాణం తెరవని రోజులు రెండే. కొడుకు పోయిన రోజు, పెళ్లాం పోయిన రోజు. ఇది మూడోది.

పది గంటలకు అరుగు ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నల్లగా ఎండిపోయాడు. వెదురు గీరిన గాట్లు మోచేతుల దాకా ఉన్నాయి. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"పటేలా" అన్నాడు.

బాల్‌సింగ్. ఒకప్పుడు నన్ను బాపు అనేవాడు. తండా నుంచి చదువుకోవడానికి వచ్చినవాడు. జనగామ కాలేజీలో వాడిదీ హన్మంతుదీ ఒకే గది. మా ఇంట్లో ఒకే కంచంలో తిన్నారు. హన్మంతు చనిపోయిన పదకొండో నాడు నేను పంచాయితీ పెట్టించి, నా కొడుకును పట్టాల మీదికి తీసుకపోయింది వీడేనని పదిమందిలో చెప్పాను. వాడు మాట్లాడలేదు. మాట్లాడనందుకే అందరూ నమ్మారు. తర్వాత వాడికి చదువు లేదు, ఊళ్లో పని లేదు. భూపాలపల్లి అడవిలో వెదురు నరికే కూపులకు కూలికి పోయాడని విన్నాను. పోనీ అనుకున్నాను.

"ఏం పనిరా?"

"పని నాది గాదు. నీదే."

"నాకు నీతోని పని లేదు. నడువు."

వాడు నడవలేదు. అరుగు మీద సుత్తె ఉంది. దాన్ని చూశాడు. "పెట్టె తెరిచినవా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా ఇంట్లో పెట్టె సంగతి వీడికెందుకు తెలియాలి?

"కొత్తగ వచ్చిన నాలుగు నేను తెచ్చినయే" అన్నాడు. "అమ్మ తెమ్మన్నది. నెలకో రెండు నెలలకో కూపు నుంచి సెలవు దొరికితే పట్నం పోయేటోన్ని. జుమ్మేరాత్ బజార్ల పాత సామాన్ల నడుమ దొరుకుతయి. దుబాయి నుంచి ఎవరో తెస్తరు, పిలగాండ్లు ఆడి పారేస్తరు. ఒక్కోపారి ఏం దొరకకుంటనే వాపస్ వచ్చేటోన్ని."

"ఆమెకు ఎక్కడ ఇచ్చినవు?"

"కాళేశ్వరంల. గోదారి ఒడ్డున."

గోదావరి స్నానమని పోయేది సునంద. కొడుకు పేరు మీద నీళ్లు వదలాలనేది. బస్సు ఎక్కించింది నేనే. సీటు కూడా నేనే పట్టి ఇచ్చాను.

"ఒకపారి రేకుల సిపాయిని తెచ్చిన" అన్నాడు బాల్‌సింగ్. వాడి గొంతు మెత్తబడింది. "అమ్మ అద్దాలు పెట్టుకొని అరికాలు చూసింది. అసలు బొమ్మకు అరికాలు మీద సన్నటి ముద్ర ఉంటది. దానికి లేదు. 'గిది దొంగ అచ్చు బిడ్డా, హన్మంతు దీన్ని ముట్టడు' అని నా చేతుల పెట్టింది. మల్ల ఎనిమిది నెలలు తిరిగితే అసలుది దొరికింది."

సునంద బడికి పోలేదు. సంతకం కూడా నేను నేర్పిందే. ఆమె ఒడ్డున కూర్చుని, బొమ్మ కాలు ఎత్తి, ముద్ర కోసం వెతకడం నేను చూడలేదు. చూస్తే చెయ్యి చేసుకునేవాణ్ణి.

"సరే. చెప్పినవు గదా. ఇగ పో."

"పన్నెండోది?"

నేను సుత్తె తీసి పక్కన పెట్టాను.

"కెప్టెన్ బొమ్మ. తెల్ల బట్టలు, తెల్ల టోపీ. గది తెద్దునా అని అడిగిన. వద్దన్నది. 'పన్నెండోది ఆయన తేవాలె. ఆయన నోటితోని చెప్పి తేవాలె' అన్నది. రెండేండ్లు చూసింది. ఆఖరుపారి గోదారి కాడ కలిసినప్పుడు గూడ గదే మాట."

"నాకేం తెలుసు అది ఏడున్నదో?"

బాల్‌సింగ్ నా ముఖంలోకి చూశాడు. వాడు నా ముఖంలోకి నేరుగా చూడటం అదే మొదటిసారి.

"పటేలా, నేను గా రైలు డబ్బలనే ఉన్న. నీ ఎదురుంగ కూసున్న."

అవును. ఉన్నాడు.

ఆ గురువారం హన్మంతుకు పరీక్ష. వాడు పరీక్ష రాయలేదు. జుమ్మేరాత్ బజారుకు పోయాడు, కెప్టెన్ వచ్చిందని ఎవరో చెప్పారట. శుక్రవారం నేను జనగామ పోయి గది ఖాళీ చేయించి ఇద్దరినీ ప్యాసింజరు ఎక్కించాను. కాజీపేట, వరంగల్లు దాటేదాకా తిడుతూనే ఉన్నాను. వాడు కిటికీ దగ్గర కూర్చుని జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. తీయమన్నాను. తీయలేదు. నేనే లాగాను. తెల్ల బొమ్మ. ఎదుటి బెంచీలో పాలకుర్తి వాళ్లెవరో ఉన్నారు, పెళ్లికి పోతున్నారు. "మీసాలొచ్చినంక బొమ్మలాటనా?" అని ఒకడు నవ్వాడు. ఆ నవ్వు నాకు తగిలింది. బొమ్మను కిటికీలోంచి విసిరేశాను. అప్పుడే వాగు వంతెన దాటింది బండి.

హన్మంతు అరవలేదు. ఏడవలేదు. తర్వాతి స్టేషన్లో దిగిపోయాడు. వాడి వెనక బాల్‌సింగ్ దిగాడు. నేను దిగలేదు. ఆకలైతే వాడే వస్తాడులే అనుకున్నాను.

ఈ సంగతి సునందకు చెప్పలేదు. పంచాయితీలో చెప్పలేదు. పోలీసులకు చెప్పలేదు.

"అమ్మకు మొదటి రోజే ఎరుక" అన్నాడు బాల్‌సింగ్. "నేనే చెప్పిన. ఎవరికీ చెప్పకు అన్నది. ఆయన చెప్తడు అన్నది."

నాలుగేళ్లు నాకు అన్నం పెట్టింది. ఒక్కమాట అనలేదు. నేను బాల్‌సింగ్‌ను తిట్టినప్పుడల్లా లేచి పెరట్లోకి పోయేది. కొడుకు గుర్తొస్తున్నాడనుకున్నాను.

"బొమ్మ దొరికింది పటేలా. గా దినమే దొరికింది. మూడొద్దుల నాడు అమ్మ వచ్చి, కొంగు చింపి అండ్ల కట్టి, హన్మంతు పడ్డ కాడనే కిలోమీటరు రాయి పక్కన కంకరల దాచింది. రేపు మా నాయిన పట్టాల గ్యాంగు గాడికి వస్తది. కంకర తవ్వి జల్లెడ పడుతున్నరు. మట్టి అంత వాగుల పోస్తరు. రేపు దాటితే ఇగ లేదు."

"మీ నాయినకు చెప్పి తీసి ఉంచరాదు?"

"నేను తియ్య. మా నాయిన తియ్యడు. ఎట్లుంచిందో అట్లనే పోనీ అన్నది, ఆయన రాకుంటే."

వాడు వెళ్లిపోయాడు. నేను పెట్టె మూశాను. మళ్లీ తెరిచాను. పన్నెండో అరలోని చెయ్యిని కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాను.

మరునాడు పొద్దున ప్యాసింజరు ఎక్కి కేసముద్రంలో దిగి పట్టాల వెంట నడిచాను. మాఘం పోయి ఎండ ముదురుతోంది. దూరం నుంచే గ్యాంగు కనబడింది. మగవాళ్లు పట్టాల పక్క కంకర తవ్వుతున్నారు. ఆడవాళ్లు ఇద్దరిద్దరు నిలబడి జల్లెడ ఊపుతున్నారు. రాయి పైన నిలుస్తుంది, దుమ్ము కింద పడుతుంది. అవతల ఒకడు ఎర్రజెండా, ఈల పట్టుకుని బండి వస్తుందేమోనని చూస్తున్నాడు.

కిలోమీటరు రాయి దగ్గర పని ఆగి ఉంది. తావుర్యా పారను నేలకు ఆనించి నిలబడ్డాడు. బాల్‌సింగ్ తండ్రి, గ్యాంగును నడిపే మేట్. ముప్పై ఏళ్లుగా ఈ పట్టాల మీద నడుస్తున్న మనిషి. పక్కన ఆయన భార్య తుల్సీబాయి. రాయి మీద ఇంత బెల్లంముక్క పెట్టి ఉంది. బాల్‌సింగ్ కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"వచ్చినవా పటేలా" అన్నాడు తావుర్యా. "నువ్వు రావనుకున్న. వీనితోని పందెం గూడ కట్టిన."

"తవ్వు తావుర్యా. నాకు తిరుగు బండి ఉంది."

ఆయన పార ఎత్తలేదు. "మా గ్యాంగుకు ఒక పద్ధతి ఉన్నది. పాణం పోయిన జాగల పార వెయ్యాలంటే, ఆ మనిషి పేరు చెప్పాలె. ఎట్ల పోయిండో చెప్పాలె. అయినోళ్లు ఉంటే అయినోళ్లు, లేకుంటే మేము. అబద్ధం చెప్పి తవ్వితే పట్టా కుంగుతదని మా పెద్దల మాట. ఆఫీసర్లు నవ్వుతరు. నవ్వనీ."

"హన్మంతు. నా కొడుకు. రైలు కింద పడ్డడు. చాలా?"

"ఎందుకు పడ్డడు?"

"ఎందుకంటే ఏం చెప్పాలె? పడ్డడు."

తుల్సీబాయి జల్లెడ కింద పెట్టింది. చేతి గాజులు మోచేతి మీదికి తోసుకుంది. "పంచాయితీల మస్తు చెప్పినవు గద పటేలా? నోరు ఆగలే నీకు. నా పిలగాడు తీస్కపోయిండు, నీ కొడుకును సంపిండు అన్నవు. మైకు ఒక్కటే తక్కువ. గిప్పుడేమైంది, గొంతుల ముల్లు పడ్డదా?"

"తుల్సీ" అన్నాడు తావుర్యా.

"నువ్వు ఊకో. నాలుగేండ్లు ఊకున్నం. నా పిలగాడు బీయే సదువుతుండె. వాని చేతులు జూడు. జూడు పటేలా."

నేను చూడలేదు. గ్యాంగులో ఇరవై మంది ఉన్నారు. అందరూ పని ఆపి నిలబడ్డారు. ఇరవై మందిలో నా మీద నవ్వేవాడు ఎవడైనా ఉన్నాడేమోనని వెతికాను. ఒక్కడూ నవ్వడం లేదు.

"బొమ్మను నేను విసిరిన" అన్నాను.

"జర గట్టిగ చెప్పు" అంది తుల్సీబాయి.

"బొమ్మను నేను విసిరిన. రైల్ల నుంచి. నా కొడుకు జేబుల నుంచి గుంజి విసిరిన. దాన్ని తెచ్చుకునేటందుకు దిగిండు. నేను దిగలే. నీ కొడుకు దిగిండు. నీ కొడుకు తప్పు లేదు. నేను అబద్ధం చెప్పిన."

అంతే. అంత చిన్న మాట. నాలుగేళ్లు పట్టింది. తేలికపడతానని ఎవరైనా అంటారేమో. పడలేదు.

తుల్సీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు. తావుర్యా పార వేశాడు.

మూడు బుట్టల కంకర ఎత్తారు. మూడో బుట్ట జల్లెడలో పోసి ఊపితే రాళ్ల మధ్య ఒక మూట నిలిచింది. పిడికిలంత. మట్టి పట్టి నల్లబడింది గానీ ముడి దగ్గర ఇంకా పసుపు రంగు ఉంది. సునంద చీర. ఆ చీర నేను జనగామలో కొన్నాను.

ముడి ఊడలేదు. పళ్లతో విప్పాను. నోట్లో ఇసుక.

తెల్ల టోపీ. తెల్ల బట్టలు. ముఖం మీద రంగు చెదరలేదు. చిన్న నల్ల కళ్లతో నేరుగా చూస్తున్నాడు కెప్టెన్. బొమ్మను తిప్పి అరికాలు చూశాను. ముద్ర ఉంది. ఎందుకు చూశానో నాకే తెలియదు.

కుడి చెయ్యి లేదు.

జేబులోంచి కాగితం తీసి విప్పాను. చెయ్యిని భుజం దగ్గర పెట్టి చూశాను. సరిపోయింది.

"ఇది పెట్టెల ఎట్ల ఉంది?" అన్నాను. "బొమ్మ ఇక్కడ, చెయ్యి ఇంట్ల?"

తావుర్యా కొడుకు వైపు చూశాడు. బాల్‌సింగ్ లేచి దగ్గరికి వచ్చాడు.

"గా చెయ్యి హన్మంతు పిడికిట్ల ఉండె. దవాఖానల పిడికిలి ఇప్పిచ్చి అమ్మకు ఇచ్చిన్రు."

నాకు వెంటనే అర్థం కాలేదు. చదువు తక్కువవాణ్ణి, ఆలోచన నెమ్మది. వాడు బొమ్మ కోసం వెతుకుతూ రైలు చూసుకోలేదని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. రాత్రింబగళ్లు అదే అనుకున్నాను. తల వంచుకుని రాళ్లలో వెతుకుతున్నాడు, బండి వచ్చింది. అంతవరకు నా తప్పును నేను మోయగలిగాను.

పిడికిట్లో చెయ్యి ఉందంటే బొమ్మ దొరికింది. బండి రాకముందే దొరికింది.

"దొరికినంక పట్టాల మీద ఎందుకున్నడు?" అన్నాను.

బాల్‌సింగ్ నోరు తెరిచాడు. ఈల వినబడింది.

"బండీ! బండీ!" ఎర్రజెండా వాడు అరుస్తున్నాడు. డోర్నకల్ వైపు నుంచి బొగ్గు గూడ్సు. అందరూ పారలు, జల్లెడలు తీసుకుని పక్కకు దిగారు. తుల్సీబాయి నా రెక్క పట్టి ఇటు లాగింది. బాల్‌సింగ్ అటు దుమికాడు. మా మధ్యకు ఇంజను వచ్చింది.

అప్పుడు నాకు అరవై తొమ్మిది గుర్తొచ్చింది. తెలంగాణ ఉద్యమంలో జనగామ దగ్గర మేం పదకొండు మందిమి పట్టాల మీద పడుకున్నాం. రైలు ఆగింది. ఆ ముచ్చట ఇంట్లో వందసార్లు చెప్పాను. హన్మంతుకు అప్పుడు ఎనిమిదేళ్లు. నా తొడ మీద కూర్చుని, "ఇంజను నీకు ఎంత దూరంల ఆగింది బాపూ?" అని అడిగేవాడు. మొదట ఇరవై గజాలు అన్నాను. తర్వాత పది. వాడు హైస్కూలుకు వచ్చేసరికి నా వెంట్రుకలకు ఆవిరి తగిలిందని చెప్పాను. భయపడలేదా అని అడిగితే, "మనిషి గట్టిగుంటే రైలే ఆగుతది" అన్నాను.

అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రైలు మమ్మల్ని చూసి ఆగలేదు. సిగ్నల్ పడకపోవడంతో అంతకుముందే ఆగి ఉంది. ఆగి ఉన్న రైలు ముందు పడుకున్నాం.

గూడ్సు పోతూనే ఉంది. డబ్బాకు డబ్బాకు నడుమ సందులో అవతల బాల్‌సింగ్ కనబడుతున్నాడు, మాయమవుతున్నాడు. వాడు మాట్లాడుతున్నాడు. నా వైపే చూస్తూ, చేతులు కదల్చకుండా, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతున్నాడు. చక్రాల మోత తప్ప నాకు ఏమీ వినబడటం లేదు. "ఆగు!" అని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. బొమ్మ నా పిడికిట్లో ఉంది. దాని టోపీ అంచు అరచేతిలో దిగింది.

ఒక సందులో వాడి పెదవులు "బాపు" అన్నాయి. అది నాకు స్పష్టంగా తెలిసింది. ఆ మాట వాడు నన్ను అన్నాడో, హన్మంతు అన్నదే చెప్పాడో తెలియలేదు.

చివరి డబ్బా పోయింది. దుమ్ము కిందికి దిగింది. బాల్‌సింగ్ అవతల నిలబడి ఉన్నాడు. నోరు మూసి ఉంది.

"మల్ల చెప్పు" అన్నాను. "వినబడలే. మల్ల చెప్పు."

వాడు తల అడ్డంగా ఊపాడు. కళ్ల నిండా నీళ్లున్నాయి.

"ఒక్కపారే చెప్పుమన్నది అమ్మ" అన్నాడు. "చెప్పిన."